ఎవరి సీసాలో ఏముందో

ఫిబ్రవరి పంతొమ్మిదిన పొద్దున నేను రొట్టె, ఉడికించిన గుడ్డు తిన్నాను. అక్కా అదే తిన్నదని నా నమ్మకం. తేదీతో సహా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. మర్నాడు పరిశోధన కేంద్రంలో మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న అదే: నిన్న ఏం తిన్నారు?

వయసు మళ్లినవాళ్లకు విటమిన్ డి ఇస్తే మతిమరుపు జబ్బు ముప్పు తగ్గుతుందా అని అక్కడ పరీక్షిస్తున్నారు. సగంమందికి విటమిన్ ఉన్న క్యాప్సూళ్లు ఇస్తారు, మిగతావాళ్లకు ఉత్త నూనెవి. ఎవరికి ఏవి వచ్చాయో ఇచ్చేవాళ్లకు కూడా తెలియదు. మా అమ్మ చివరి రోజుల్లో మమ్మల్నిద్దరినీ గుర్తుపట్టలేదు. అందుకే నేనూ, నా భార్య పోయాక నాకు తోడుగా వచ్చి ఉంటున్న అక్కా కలిసే ఇందులో చేరాం.

నేను చెప్పింది రాసుకుని, పోషకాహార నిపుణురాలు అక్క వైపు తిరిగింది. ఆవిడకు అక్క పెట్టిన పేరు తిండి పోలీసు.

"రొట్టె ఒక్కటే. గుడ్డు తినలేదు," అంది అక్క.

"తిన్నావు కదక్కా."

"నా పొట్ట సంగతి నాకు తెలీదా? పరీక్షలో పక్కవాళ్లకి అందించకూడదు, తెలుసా?"

తిండి పోలీసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అమ్మకూ మొదట పోయింది ఇలాంటి చిన్న సంగతులే.

ఆ రోజు నుంచి కళ్లల్లో వత్తులు వేసుకుని అక్కను కనిపెట్టి చూడసాగాను. బీరువా తెరిచి ఊరికే నిలబడేది. "ఇవాళ ఏ వారం రా?" అని అడిగేది. తెలియక అడుగుతోందా, నాకు తెలుసో లేదోనని అడుగుతోందా? నేను తల ఎత్తిన ప్రతిసారీ ఆమె కూడా నన్నే చూస్తూ ఉండేది. ఒకరినొకరు కాపలా కాసుకునే ఇద్దరు జవాన్లలా తయారయ్యాం. అయినా నా చొక్కా చిరుగు ఎప్పుడు కుట్టిందో కుట్టింది. అది మాత్రం మరిచిపోలేదు.

ఒక సాయంత్రం కూరగాయలు తెచ్చేసరికి బల్ల మీద రెండు పళ్లేలు, రెండు కుప్పలుగా క్యాప్సూళ్లు ఉన్నాయి. తన సీసాలోవి నా సీసాలో పోస్తోంది, నావి తన దాంట్లో. ఇక అయిపోయింది, అనుకున్నాను.

"అక్కా, ఏం చేస్తున్నావు?" అన్నాను, వీలైనంత మెల్లగా.

తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం ఆగింది. "దొరికిపోయానా? సరే, కూర్చో. నాకొచ్చినవి అసలువి రా. వేసుకున్న కొత్తల్లోనే మోకాళ్ల నొప్పులు తగ్గాయి. నీవి ఒకటి కొరికి చూశాను, ఉత్త నూనె. అందుకే మారుస్తున్నాను."

"నాకెందుకు?"

"ఆ గుడ్డు ఎవరు తిన్నారనుకున్నావు? నీది తినేసి, కాసేపాగి నా పళ్లెంలోదీ తీసుకుని తిన్నావు. పైగా నేను తిన్నానని వాళ్ల ముందే వాదించావు. నువ్వే తిన్నావని అక్కడ చెప్తే నీకేదో జబ్బు అంటగడతారని నోరు మూసుకున్నాను."

"ఏదో పరధ్యానంలో తిని ఉంటాను."

"అంతే అయ్యుంటుంది," అంది వెంటనే. అంత సులువుగా ఒప్పుకోవడం మా అక్కకు అలవాటు లేదు. ఆమె నమ్మలేదని నాకు అప్పుడే అర్థమైంది.

మర్నాడు ఇద్దరం వెళ్లి జరిగింది చెప్పాం. తిండి పోలీసు కోప్పడలేదు. "రెండు రకాలకూ ఒకటే నూనె వాడతారమ్మా, కొరికితే తేడా తెలీదు. ఉత్త నూనెతో నొప్పులు తగ్గాయన్నవాళ్లూ ఉన్నారు," అంది.

అక్క ముఖం వాడిపోయింది. "అంటే అసలువి నేను తీసుకుని, వీడికి ఉత్తవి పెట్టబోయానేమో?"

"కావచ్చు, కాకపోవచ్చు. నాకూ తెలీదు. మిమ్మల్ని తీసేయరు లెండి. మొదట ఏ గుంపులో పడ్డారో ఆ గుంపులోనే లెక్కేస్తారు. ఇకనుంచి మాత్రం ఎవరివి వాళ్లే వేసుకోండి."

గుడ్డు సంగతి నేనే బయటపెట్టాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "ఒక్క గుడ్డుకే జబ్బు అనరు. కానీ చూపించుకోవడం మంచిది. గురువారం డాక్టరు దగ్గరకు రండి." ఆ మాట అంటున్నప్పుడు నా ముఖంలోకి చూసి, మాట్లాడే వేగం తగ్గించింది. అదీ ఒక దయే.

ఆ రాత్రి అన్నాలయ్యాక అక్క మంచినీళ్లు తెచ్చి నా మంచం పక్కన పెట్టింది.

"భయంగా ఉందా అక్కా?"

"నాకెందుకు భయం?" అంది. గ్లాసు మీద మూత పెట్టింది. "గురువారం డాక్టరు గదిలోకి నేనూ వస్తాను. ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. తిట్టుకోకు."

"చెప్పు."

నా దుప్పటి సరిచేసి, దీపం ఆర్పింది. గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, తలుపు మెల్లగా వేసింది.