ఏడు ఆల్చిప్పలు, ఒక పాల జగ్గు

ఆ రోజు గొడవ పాల జగ్గు దగ్గర మొదలైంది.

అత్తయ్య ముచ్చటపడి కొన్న కొత్త స్టీలు జగ్గు అది. అద్దంలా మెరుస్తుంది. కానీ పాలు వంచితే సగం కప్పులోకి, సగం జగ్గు పొట్ట మీదుగా బల్ల మీదికి. నేను బల్ల తుడిచి, పాత జగ్గు తీశాను. దానికి నాలుగు సొట్టలున్నాయి కానీ చుక్క కారదు.

"మళ్ళీ ఆ సొట్టదేనా? వంచడం చేతకాక వస్తువుకి వంక పెడతావేంటమ్మాయ్," అన్నారు అత్తయ్య.

"మీరు వంచి చూపించండి అత్తయ్యా, నేర్చుకుంటాను."

ఆవిడ వంచారు. పాలు బల్ల దాటి ఆవిడ ఒళ్ళో పడ్డాయి.

"బల్ల వాలుగా ఉంది," అన్నారు.

మామూలుగా అయితే మా ఆయన నవ్వేవారు. ఆ రోజు తలెత్తలేదు. ఆయన లోహశిల్పి. నది ఒడ్డున నడకదారి మొదట్లో ఆయన చేసిన ఫౌంటెన్ ఉంది. ఒకదాని కింద ఒకటిగా ఏడు రాగి ఆల్చిప్పలు. పై చిప్పలోంచి నీళ్ళు పల్చటి తెరలా కింది చిప్పలోకి దూకాలి. రెండేళ్ళ పని. తీరా నీళ్ళు వదిలితే తెర పడలేదు. నీళ్ళు అంచు చుట్టూ తిరిగి, చిప్ప అడుగునే పాకి, స్తంభం వెంట కారిపోయాయి. మోటారు జోరు పెంచితే గాలికి ఎగిరి, దారిన పోయేవాళ్ళని తడిపాయి. ఆ సాయంత్రానికి సరికాకపోతే గొట్టాలు పీకేసి ఉత్త బొమ్మగా ఉంచేస్తామని నగర ఇంజనీరమ్మ చెప్పేశారు.

"నీళ్ళు లేకపోతే అదేం ఫౌంటెన్? చిప్పల దొంతర," అన్నారాయన, తనలో తాను.

నా చేతిలో గుడ్డ ఆగింది. కొత్త జగ్గు మూతి వేలితో తడిమాను. గుండ్రంగా, జారిపోయేలా ఉంది. పాత జగ్గు మూతి కిందికి వంగి, చివర గోటికి తగిలేంత పల్చగా ఉంది.

"మీ చిప్పల అంచులు ఎలా ఉంటాయి?"

"వెన్నలా ఉంటాయి. పిల్లలు చేతులు పెడతారని నెల రోజులు కూర్చుని నునుపు చేశాను."

"అయితే అవీ అత్తయ్య జగ్గులే."

సింకు దగ్గర రెండు జగ్గులతోనూ నీళ్ళు వంచి చూపించాను. ఆయన మూడుసార్లు వంచమన్నారు. నాలుగోసారి తనే వంచుకున్నారు.

"అంచు పదును చేస్తే పిల్లల వేళ్ళు తెగుతాయి."

"అంచు జోలికి పోకండి. పిల్లల చేతికి అందని చోట, చిప్ప అడుగున ఒక పల్చటి రేకు అతికించండి. పాకే నీళ్ళకి అక్కడ దారి తెగుతుంది."

నెల రోజుల నునుపు మీద అతుకు వేయమనేసరికి, కన్నబిడ్డకి కుట్లు వేయమన్నట్టు చూశారు. తర్వాత పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నారు.

సాయంత్రం ముగ్గురం నది ఒడ్డున ఉన్నాం. పై చిప్పకి ఒక్కదానికే రేకు పడింది. ఆయన వాల్వు తిప్పారు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి, తిరిగాయి, రేకు దగ్గర ఆగినట్టే ఆగి దూకాయి. గాజు పలకలాంటి తెర. అందులోంచి అవతలి ఒడ్డు, ఒక పడవ, ఇంజనీరమ్మ ఎర్ర గొడుగు కనిపించాయి. ఆవిడ గొడుగు మడిచి, మునివేళ్ళ మీద లేచి రేకు కింద వేలు పెట్టి చూసుకుని, "పైవాళ్ళని అడిగి ఫోన్ చేస్తాను," అని వెళ్ళిపోయారు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

భోజనాలకి కూర్చోగానే ఫోనొచ్చింది. ఆయన విని, పెట్టేసి, కూర వడ్డించుకుని, రెండు ముద్దలు తిని అప్పుడు చెప్పారు. "నీళ్ళు ఉంటాయట. మిగతా ఆరింటికీ రేకులు రేపే మొదలెడతా."

"ఆ ముక్కేదో చెప్పి తినకూడదూ," కసిరారు అత్తయ్య. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నారు.

"నేనూ ఒకటి నిర్ణయించాను. నీ చిప్పలకి పట్టిన వైద్యం నా జగ్గుకి పట్టదా? ఏడూ అయ్యాక ఎనిమిదోది ఇదేరా నాన్నా. అందాకా పాలు ఆ సొట్టదాంట్లోనే పోయమను మీ ఆవిణ్ణి."