చేతులు కూడా వేయాలి

చెప్పవలసిన మనిషికి చెప్పకుండా దేవుడికి ఒక్కడికే చెప్పుకుంటే ఆ మాట చేరుతుందా అని, పొద్దున్నే చేతులు జోడించినప్పుడల్లా నలభై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు, ఇప్పుడు చిత్రకారుడి గదిలో స్టూలు మీద కూర్చుని కూడా అదే, ఎదురుగా కిటికీ వెలుగులో వదిన, అమ్మ పోయిన ఇంటికి అన్న వెంట వచ్చి, తనకు తినిపించి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని, అక్షరాలు దిద్దించిన వదిన, ఆ ముఖం గోడ మీద నిలవాలనే కదా ఈ బొమ్మ, మొదట మట్టిరంగు పూత, దాని మీద బూడిదరంగు ముఖం, అది చూసి తను బెదిరిపోతే, నీడలు కుదిరాకే నెత్తురు ఎక్కిస్తామండీ అని నవ్వాడు బొమ్మ వేస్తున్న పెద్దాయన, పన్నెండేళ్ళు గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతట, ఇవాళ బుగ్గల్లోకి ఎరుపొచ్చింది, దేవుడిది ఎంత దయ, వదిన ఇంకా ఎదురుగా ఉంది, నవ్వుతోంది.

ఇక చేతులు, అన్నాడు పెద్దాయన, చేతులొద్దులెండి ముఖం చాలు, అని తనే గబుక్కున అనేశాడు, వదిన కుడిచెయ్యి అప్పటికే శాలువాలోకి పోయింది, చేతుల్లేకపోతే అది పాస్‌పోర్టు ఫోటో, దానికి నేనెందుకండీ అని ఆయన కుంచె కడిగేస్తున్నాడు, మానెయ్యమను చిన్నోడా, వంకరవేలు చూసి ఎవరు మురవాలి అంటోంది వదిన, ఆ వేలు, నాన్న బైండింగ్ షాపులో కుట్టిన పుస్తకాలను అదిమే పెద్ద ప్రెస్సు, వదిలేస్తే గిర్రున దిగే ఇనుప చక్రం, వదిన కుట్టిన పుస్తకం ఎక్కడ తెరిస్తే అక్కడ చదునుగా పడుకునేదని గిరాకీలు ఆమెనే అడిగేవారు, ఆ రోజు ప్రెస్సు కింద వంగి పుస్తకాలు సర్దుతూ, చక్రం పట్టుకో, వదలకు అంది, వీధిలో బ్యాండు మోత, ఎనిమిదేళ్ళ తను వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తాడు, వెనక వదిన వేలు నలిగింది, చక్రం జారింది మామయ్యా అందామె నాన్నతో, చూడలేదేమో, నిజంగా జారిందనుకుందేమో, తను నోరు మెదపలేదు, నాన్న మళ్ళీ ఆమెను షాపు గడప తొక్కనివ్వలేదు, ఆ షాపే తనకొచ్చింది, తన పిల్లలు తిన్నదంతా దాని మీదే, ఇప్పుడు కుంచెలు గుడ్డలో చుట్టేస్తున్నాడు పెద్దాయన, ఈ బొమ్మ కూడా ఆగిపోతుంది, తన వల్లే.

వదినా, చక్రం జారలేదు, నేనే వదిలేశాను, పైకే అన్నాడా, అనేశాడు, తెలుసులేరా, చక్రం దగ్గర నువ్వు కాక పిల్లి ఉందా, మామయ్య చెయ్యి నీ వీపు మీద పడితే లేచేవాడివా, మరి ఇన్నాళ్ళూ అడగలేదేం, నీ అంతట నువ్వు చెప్పే వయసు రానీ అనుకున్నా, యాభై వస్తున్నాయి, ఇదేమిటా అనుకుంటున్నా, పెద్దాయన పకపకా నవ్వుతూ గుడ్డ విప్పాడు, శాలువాలోంచి చెయ్యి బయటికొచ్చింది, ఖాళీగా ఎక్కడ పెట్టుకోవాలో దానికి తెలియలేదు, తను సంచిలోంచి సగం కుట్టిన పుస్తకం తీసి ఆ చేతిలో పెట్టాడు, కదలకండమ్మా అని పెద్దాయన అంటున్నా వినకుండా, ఇదేం కుట్టురా, గోనెసంచీ కుట్టావా అని ఆ వంకరవేలితోనే దారం లాగి విప్పేస్తోంది, ఆ వేలు ఏదీ మరిచిపోలేదు, నలభై ఏళ్ళ కింద తను ఆమె దగ్గర తీసుకున్నది ఒక్క వేలు కాదు, ఈ పని, తిరిగి ఇవ్వగలిగిందీ ఇదే, రేపట్నుంచి షాపులో కిటికీ పక్క బల్ల నీది వదినా, అన్నాడు, ఆమె తలెత్తకుండానే చెయ్యి చాపింది, సూది ఇటియ్యి.