బండి ముందు ఈల

పెద్దకోడలికి మరిది మీద ఉన్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు. ఒకే గోడౌన్‌లో ఒకే రోజు పనిలో చేరిన అన్నదమ్ములిద్దరిలో అతను పెట్టెలు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఎక్కి కూర్చున్నాడు, ఆమె మొగుడు ఇంకా మూటలు మోస్తూనే ఉన్నాడు. ఇంట్లో పెద్దాచిన్నా ఉన్నారని చూసుకోవద్దా? తోటికోడలు "మా ఆయన బండి" అన్నప్పుడల్లా పెద్దకోడలి చేతిలో గరిటె గిన్నె అడుగును గట్టిగా గీకేది.

ఆ బండి ముందు ఈల ఊదుతూ నడిచే పని మొన్నమొన్నటిదాకా ఆమెదే. పెట్టెలు ఎత్తుగా పేరిస్తే డ్రైవరుకు దారి కనపడదు. ఈల వినగానే అందరూ గోడకు ఆనుకునేవారు. మనిషి వెనకే పోవాల్సి రావడంతో బండి నెమ్మదిస్తోందని యజమాని ఆమెను ప్యాకింగులో వేశాడు. బండి వేగం పెరిగింది, తోటికోడలి గొప్పలూ పెరిగాయి.

ఒక సోమవారం మరిది మలుపు దగ్గర ఆగలేదు. ఊడ్చే అవ్వ కాలు చక్రం కింద నలిగిపోయింది.

మధ్యాహ్నానికల్లా మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు. డ్రైవరు నిర్లక్ష్యానికీ కంపెనీకీ సంబంధం లేదట, అవ్వ వైద్యం అతనే చూసుకోవాలట. చూసినవాళ్ళు సంతకం పెట్టాలన్నాడు. బండి ఆగకపోవడం పెద్దకోడలు కళ్ళారా చూసింది. సంతకం పెట్టింది. ఆ పూట భోజనం కూడా రుచిగానే అనిపించింది.

మర్నాడు పనివాళ్ళంతా గోడౌన్ నడిదారిలో గుమిగూడారు. హమాలీలు డ్రైవరును తన్నాలన్నారు. తూకం చూసే కాటా అక్క అడ్డం నిలబడింది.

"వాడిది తప్పే, కాదన్లేదు. కానీ వాడేమన్నా షికారుకెళ్ళాడా? పెట్టెలెవరివి, తొందరెవరిది? పని జరిగితే యజమానిది, కాలు విరిగితే డ్రైవరుదా?"

మేనేజరు కాగితం పైకెత్తి, సొంత వదినే సాక్షి అన్నాడు. తలలన్నీ ఆమెవైపు తిరిగాయి.

"వదిన చూసింది నిజమే, నేను ఆగలేదు," అన్నాడు మరిది. తిట్టినా బాగుండేది. అతని పక్కన తోటికోడలు క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెలో కుళ్ళుకోవడానికి ఏమైనా మిగిలిందా అని పెద్దకోడలు వెతికింది. ఏమీ దొరకలేదు.

అప్పుడామె సంచిలోంచి ఈల తీసి ఊదింది.

పాత అలవాటు. హమాలీలు, ప్యాకింగువాళ్ళు, వాచ్‌మన్ కూడా గోడకు ఆనుకున్నారు. దారి మధ్యలో కాగితంతో మేనేజరు ఒక్కడే మిగిలాడు.

"నిన్న ఇది మోగుంటే అవ్వ కూడా ఇట్లాగే తప్పుకునేది," అందామె. "దీన్ని నా నోట్లోంచి తీయించిందెవరో కాగితంలో రాయలేదేం?"

కాటా అక్క బండి తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. అవ్వ బాధ్యత కంపెనీదేనని యజమాని రాసిచ్చేదాకా పెట్టె కదలదంది. అందరూ దారికడ్డంగా కూర్చున్నారు. ముందు కూర్చున్నది ఇందాక తన్నాలన్న హమాలీలే.

పెద్దకోడలు మాత్రం కూర్చోలేదు. మరిది ఎదుటికి వెళ్ళి, చివరి వరసకు కూడా వినపడేట్టు చెప్పింది.

"నీ మీద కుళ్ళుతో పెట్టాను నాయనా ఆ సంతకం. తప్పు నాది."