పెళ్ళిసారె

హాల్డేన్ దొరసాని కూతురు లెటిస్‌కిచ్చే పెళ్ళిసారెలో వెండి గిన్నెలతో పాటు మా మింబాని కూడా పెట్టింది. పిల్లకి ఏడేళ్ళు. కొత్త గౌను తొడిగించి, తలకి ఎర్రగుడ్డ కట్టించి, వంటింటి గుమ్మంలో నిలబెట్టింది.

"లెటిస్, చూడవే, ఎంత ముద్దుగా ఉందో!"

పిల్ల తల్లి, మా తోటి బానిస బెన్నేబా ఉతికిన దుప్పట్లు మోసుకొచ్చి అక్కడే ఆగిపోయింది.

"అమ్మగారూ, నాకది ఒక్కతే."

"మంచి ఇంటికేగా పంపుతున్నాను! మా అమ్మ నిన్ను నా సారెలో పంపలేదూ? నీకేం తక్కువైంది?"

ఆనాడు సారెబండి ఎక్కాక బెన్నేబా తన తల్లిని మళ్ళీ చూడనే లేదు.

ఆ చెరకుతోట దొరల ఇంటి బట్టలన్నీ ఏటి రేవులో మేం నలుగురు ఆడవాళ్ళమే ఉతికేవాళ్ళం. రాతి మీద తెల్లారితే వేసుకోవాల్సిన పెళ్ళిగౌను, పక్కన కుండెడు కర్రపెండలం గంజి.

"గంజి లేకపోతే ఈ గౌను గుడ్డపీలికే," అన్నాను నేను.

"రేపు మన వీపులూ పీలికలే," అంది జూబా వెనక్కి జరుగుతూ.

"ఇప్పుడు పట్టుపరుపు మీద పొర్లుతున్నావటే?" ముసలి కబ్బా కసిరింది. "నా నలుగురు పిల్లలూ ఇలా సారెల్లోనే పోయారు. ప్రతి పెళ్ళిగౌనుకీ గంజి పెట్టింది నేనే."

కబ్బా కుండ మీద చెయ్యి వేసింది. ముసలి చేతులకి అది కదల్లేదు. బెన్నేబా పట్టింది, నేను పట్టాను, చివరికి జూబా కూడా పట్టింది. ఏరు కాసేపు తెల్లగా పారింది.

"గంజేదే?" అంది దొరసాని వచ్చి.

"ఏట్లో ఉందమ్మగారూ, తోడుకోండి," అంది కబ్బా.

అందరికీ కొరడా దెబ్బలు పడ్డాయి. బెన్నేబాని చీకటికొట్లో వేశారు. లెటిస్ వేలాడే గౌనుతోనే చర్చి మెట్లెక్కింది. మింబా బండెక్కి, మలుపు తిరిగేదాకా "అమ్మేదీ?" అని అరుస్తూనే ఉంది. బెన్నేబా ఒళ్ళు పుళ్ళుపడి, జ్వరంతో కొట్లోనే పోయింది.

చెరకు కోతలయ్యాక, మాకు సెలవైన ఒక ఆదివారం, సంతలో మా పెరటి పెండలం దుంపలు అమ్ముకుంటుంటే, లెటిస్ అత్తవారి చెరకుతోటలో బట్టలుతికే మనిషి మా పక్కన బుట్ట దించింది.

"మీ చిన్న దొరసాని మా వంటామె కొడుకుని అమ్మబోయింది. మేమూ గంజి పారబోసి రేవులో కూర్చున్నాం."

"మీకెవరు చెప్పారు?"

"మీ పిల్లే. 'మా అమ్మ పారబోసింది' అని అందరికీ చెబుతుంది. అమ్మ బాగుందో లేదో కనుక్కురమ్మంది."

కబ్బా తల వంచుకుంది. "పిల్ల తింటోందా?"

"తింటోంది. మరి వాళ్ళమ్మ సంగతి ఏం చెప్పను?"

జూబా లేచి నిలబడింది.

"నిజమే చెప్పు. రేపట్నుంచి దొరసాని బట్టలుతకడానికి మేం రేవులో దిగేది లేదని కూడా చెప్పు."