ఇంటికి తీస్కపోను

మధ్యాహ్నం పన్నెండు గంటలు. చిక్కపేట సందులో చీరల బేళ్లు, గోనె కట్టిన పెద్ద మూటలు, దిగుతున్నాయి. హేమంత్‌కుమార్ కొట్లో చీరలు మడతపెడుతున్న మునిలక్ష్మి ముందు ఆమె తమ్ముడు అంజినప్ప తన ఫోను, ఇంటి తాళంచెవి పెట్టాడు.

“నీకాడే ఉండనీ అక్కా. నాకింక వీటితో పని లేదు.”

అంతే, తిరిగి చూడకుండా జనంలో కలిసిపోయాడు.

మునిలక్ష్మి చేతిలో చీర కింద పెట్టేసింది. నెల కిందట తమ్ముడితో జంటగా బేళ్లు మోసే హమాలీ రాజు కూడా తన చేతి గడియారం ఎవరికో ఇచ్చేసి వెళ్లాడు. మర్నాడు శవమై దొరికాడు. సూదిమందు ఎక్కువై పోయాడన్నారు అందరూ.

ఆమె కొట్టు అరుగు దిగింది.

“గిరాకీ ఉన్నప్పుడు ఎక్కడికి? పోతే రేపట్నుంచి రావద్దు,” అన్నాడు హేమంత్‌కుమార్.

ఆమె ఆగలేదు.

పద్నాలుగేళ్లు బేళ్లు మోసిన వీపు అంజినప్పది. మూడేళ్ల కిందట మెట్ల మీద నడుం పట్టేసింది. పడుకుంటే ఆ రోజు కూలి లేదు. నొప్పి తెలియకుండా చేసే సూది రాజే చూపించాడు. బేలు మూడో అంతస్తుకు చేరుతున్నంత కాలం అతని చేతి మచ్చల గురించి ఏ షావుకారూ అడగలేదు. చేతులు వణకడం మొదలయ్యాకే అందరికీ ‘సూదిగాడు’ అయ్యాడు.

మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఆమె అతని చొక్కా దొరకబుచ్చుకుంది. ఊపిరి అందడం లేదు. అయినా అడిగింది.

“సచ్చిపోవాలనుకుంటాండావా అంజీ?”

అతను తల వంచుకున్నాడు. “రాజుగాడు తెలిసే చేసుకున్న్యాడు అక్కా. నాకొక్కనికే తెలుసు. మానాలని చూస్తే ఒళ్లంతా నరకం. మానకపోతే మీ అందరికీ బేజారు. ఎట్ల బతకల్ల?”

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. చెయ్యి వదలకుండా ఆటో ఎక్కించింది.

పెద్దాసుపత్రి కిటికీ వెనక గుమాస్తా అతని చేతులు చూసి చీటీ పక్కన పెట్టాడు. “సూది కేసులు ఇక్కడ కాదమ్మా. ముందు మానిపించు. ఇవాళ్టికి ఇంటికి తీసుకుపోయి గదిలో పెట్టి తాళం వేయి.”

“ఇంటికి తీస్కపోను.”

వెనక వరుసలో సణుగుడు మొదలైంది. ఎవరో పక్కకు జరగమన్నారు. మునిలక్ష్మి కిటికీ కమ్మీ పట్టుకుంది.

“తాళం ఏస్తే లోపల వాడొక్కడే కదప్పా ఉండేది? సూది సంగతి ఆమీద. నా తమ్ముడు ఈ పొద్దు సావాలనుకుంటాండాడు. ముందు అది రాసుకో. డాక్టరును పిలువు.”

గుమాస్తా మొదటిసారి అంజినప్ప ముఖంలోకి చూశాడు.

“నిజమేనా?”

అంజినప్ప కిటికీ దగ్గరికి జరిగాడు.

“నిజమే సార్. ఒక్కన్నే ఉండాలంటే భయమైతాంది.”

గుమాస్తా పక్కన పెట్టిన చీటీ ముందుకు లాక్కున్నాడు; కలం ఇంకా దాని మీద ఆగే ఉంది. మునిలక్ష్మి కమ్మీ వదల్లేదు.