అదే రాయి, అదే చెప్పు

మా బావ చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన కొండమీది రాతి క్వారీలో గుమాస్తా. అక్కడికి ఫోన్ టవర్ అందదు. ఆఫీసు కప్పుమీద శాటిలైట్ డిష్ ఉంది, దాంట్లోంచే డేటా చుక్కచుక్కగా పోతూ వస్తూ ఉంటుంది. వాళ్ళ క్వార్టర్స్ వెనక కొండరాయి పగిలింది. అక్క మొత్తుకుంటే బావ నవ్వాడు. సర్వే ఇంజనీరు మాత్రం, "పగుళ్ళు లేని కొండ ఎక్కడుందమ్మా? పెరుగుతోందని చూపించండి, పేలుళ్ళు ఆపి ఇళ్ళు ఖాళీ చేయిస్తాను" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి అక్క రోజూ ఒకేచోట నిలబడి ఆ పగులును ఫొటో తీసేది. కొలత తెలియడానికి తన కూతురు పాప చిన్నప్పటి చెప్పును దానికి అడ్డంగా పెట్టేది. ఆ ఫొటోలు శాటిలైట్ ఎక్కి మా వంటింటి అటక మీద దిగేవి. అక్కడ ఒక పాత కంప్యూటర్‌ను లినక్స్ మీద నడుపుతున్నాను. ఏ కంపెనీ క్లౌడూ కాదు, నా సొంతం. క్వారీ ఆఫీసు కంప్యూటర్‌లో అక్క ఫొటోలు పెట్టే ఫోల్డర్‌లో ఏముంటే నా దగ్గరా అదే ఉంటుంది. ఒక్కో ఫొటో చేరడానికి గంటలు పట్టేది.

ఒకరోజు కబురొచ్చింది, మర్నాడు మళ్ళీ పేలుళ్ళని. సాయంత్రంలోగా ఇంజనీరుకు ఫొటోలు చూపించాలి. ఫోల్డర్ తెరిస్తే ఒకే ఒక్క ఫొటో ఉంది. వెంటనే క్వారీ ఆఫీసులోని శాటిలైట్ ఫోన్‌కు చేసి బావను పట్టుకున్నాను.

"ఫొటోలేవి బావా?"

"తీసేశాను. అన్నీ ఒకటేగా! అదే రాయి, అదే చెప్పు. కొత్తదొకటి ఉంచాలే. నెట్టంతా అవే మింగేస్తున్నాయి, ఆఫీసు పని సాగితేనా?"

"నువ్వక్కడ తీసేస్తే ఇక్కడా పోతాయి!"

"అదేంటి, మీ ఇంట్లోవి మీ ఇంట్లో ఉండవా?"

"ఉండవు! కంప్యూటర్ చెత్తబుట్టలోనైనా ఉన్నాయా?"

"అదీ ఖాళీ చేసేశా. చెత్త ఎవరైనా దాచుకుంటారా?" అని నవ్వాడు కూడా.

గంటలు పట్టి చేరిన ఫొటోలను తుడిచెయ్యమన్న మాట రెప్పపాటులో చేరింది. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్ళ గురించి విన్నాను గానీ, పెళ్ళాం బిడ్డా కూర్చున్న కొమ్మను నరుకుతూ ఇకిలించే మనిషిని అప్పుడే చూశాను.

"నీ కూతురు పడుకునేది ఆ రాయి కిందే! ఒక్క ఫొటో అయినా కళ్ళు పెట్టి చూశావా?"

"రోజూ చూసే రాయే కదే, ఫొటోలో చూసేదేముంది?"

ఠక్కున ఫోన్ పెట్టేశాను.

ఆ కంప్యూటర్‌కు వేరే డిస్క్ ఒకటి తగిలించి ఉంది. వారానికోసారి అన్నిటికీ నకలు తీసుకుంటుంది. ఇక్కడ లేనివాటిని అదీ తుడిచేస్తుంది. ఆరోజే దాని వంతు. స్టూలెక్కి దాని తీగ పీకి పారేశాను. ఆ డిస్క్‌ను లాప్‌టాప్‌కు తగిలిస్తే అక్క తీసిన పాత ఫొటోలన్నీ ఉన్నాయి.

మొదటిదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాను. మొదటి దాంట్లో చెప్పు పగులును దాదాపు కప్పేసింది. కొత్తదాంట్లో చెప్పు కనబడలేదు. పెద్దది చేసి చూస్తే పగులు లోపల, చీకట్లో, దాని పట్టీ కనబడింది.

రెండూ ఇంజనీరుకు పంపాను. పేలుళ్ళు ఆపమని సైటుకు చెప్పేశానని, క్వార్టర్స్ వెంటనే ఖాళీ చెయ్యమని జవాబు వచ్చింది. శాటిలైట్ మొయ్యగలిగేంత చిన్నవి చేసి బావకూ పంపాను, కింద ఒక్క మాటైనా రాయకుండా. చాలాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు లేదు.

"పాప చెప్పు తీద్దామని వెళ్ళాను. భుజందాకా చెయ్యి పెట్టాను. అందలేదు."

"అక్కా, పాపా?"

"దించేస్తున్నాను. అందరం దిగిపోతున్నాం." అంతలోనే అడిగాడు, "తిట్టవేమే?"

"ముందు కిందికి దిగు బావా. నా తిట్లెక్కడికీ పోవు. వాటికీ నకలు తీసి పెట్టాను."