మిగిలిన పది మాత్రలు

మొదట్లో పెనిసిమాని చేతిలో ఉన్న సరుకు రెండు బస్తాల పిండి, ఒక పెట్టె గొడ్డుమాంసం డబ్బాలు, కూతురు ఓఫెయినాకి ఇరవై మాత్రలు. రాజధాని నుంచి రావలసిన ఓడ ఇంజను చెడిందని, ఎప్పుడొస్తుందో చెప్పలేమని కబురు వచ్చింది. హాపాయి దీవుల్లోని ఆ చిన్న లంకలో అతనిదొక్కటే దుకాణం. ఓడ రాకపోతే సరుకును ఎలా సాగదీయాలో అతనికి బాగా తెలుసు. పిండి సగం సగం కొలిచి ఇచ్చాడు. మాత్రలను కూడా కత్తితో సగానికి కోశాడు.

చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి ఓఫెయినా గుండె కవాటం పాడైతే న్యూజిలాండ్‌లో లోహపుది పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజుకో మాత్ర వేసుకోవాలి. పక్కన కూర్చుంటే ఆమె ఛాతీలో టిక్ టిక్‌మని వినిపించేది.

"సగమేంటి నాన్నా?"

"అసలు లేకపోవడం కన్నా నయం కాదూ?"

"పిండి తగ్గితే రొట్టె చిన్నదవుతుంది. ఇది తగ్గితే ఏమవుతుంది? నర్సుకి ఫోన్ చెయ్యి."

"సరుకుండగానే చెయ్యి చాస్తే ఎవరు ఖాతరు చేస్తారే? అయిపోవస్తుండగా చేస్తాలే. మింగు."

రెండో వారంలో ఆ టిక్ టిక్ మెత్తబడింది. ఇన్నాళ్లకి కుదురుకుందనుకున్నాడు.

ఇరవయ్యో రోజున ఓడ వచ్చింది. అందులోనే నర్సు కలొలయినే దిగింది. పెనిసిమాని డబ్బా ఆమె ముందు పెట్టి, "చూడమ్మా, పది మిగిల్చాను" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "ఇవాళ్టికి ఒక్కటి కూడా మిగలకూడదు బాబాయ్."

ఓఫెయినా ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. "శబ్దం ఎప్పుడు తగ్గింది?"

"పది రోజులై ఉంటుంది."

"ఒక్క ఫోన్ చేసి ఉంటే చేపల పడవలోనైనా మాత్రలు పంపేదాన్ని. దుకాణంలో మిగిలితే నీకు లాభం. మందు మిగిలిందంటే మనిషికి అందలేదని."

కవాటం మీద రక్తం గడ్డకట్టి ఉంటుందని, ఓఫెయినాని రాజధాని ఆసుపత్రికి చేర్చడానికి ఆ ఓడనే వెంటనే వెనక్కి తిప్పించారు. దారిలో ఓఫెయినా చేతిలోంచి నీళ్ల గ్లాసు జారింది. తీయబోతే చెయ్యి లేవలేదు. నాన్నని పిలవబోయిన నోరు ఒక పక్కకి వంగిపోయింది.

మూడు నెలలకి ఊరు చేరారు. పెనిసిమాని నర్సు దగ్గరికి వెళ్లి, "నాకు లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు. ఏం లెక్కపెట్టాలో చెప్పు" అన్నాడు.

అప్పటి నుంచి శనివారాలు, రోజూ మందు వేసుకునేవాళ్లున్న ఇళ్లలో సరేనన్న ఆరిళ్లకి వెళ్లి, ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టాడు. ముసలామె తవాకే డబ్బాలో ఉండాల్సిన వాటిలో సగమే ఉన్నాయి.

"తమ్ముడికీ రక్తపోటే. చెరొకటీ వేసుకుంటున్నాం. నీకేం నొప్పి?"

"నాకే నొప్పి అత్తా" అని ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడి నర్సుకి ఫోన్ చేశాడు.

ఏడాది తిరిగేసరికి ఆరిళ్లలో ఇద్దరి మందులు వేళకి సరిచేశారు. తవాకే తమ్ముడికి వేరే డబ్బా వచ్చింది. ఓఫెయినాకి ప్రాణం దక్కింది, నడక వచ్చింది, మాట కొంత వచ్చింది. కుడిచెయ్యి రాలేదు.